హెర్పిస్ అవునో కాదో తేలేదాకా ఎలా నెట్టుకురావాలి?
జననాంగం దగ్గర లేచిన రెండు పుళ్లు చూసి డాక్టర్ "హెర్పిస్ కావచ్చు" అన్నారు. పుండు పచ్చిగా ఉండగా, వీలైతే 48 గంటల్లోపు, స్వాబ్ తీసి పీసీఆర్ చేయించాలి. చెక్కు కట్టాక వైరస్ దొరక్కపోవచ్చు, నెగెటివ్ వచ్చినా లేదనలేం. నాకైతే పుళ్లు మానిపోయాయి.

మిగిలింది రక్తపరీక్ష. ఐజీఎం (ఇన్ఫెక్షన్ కొత్తలో పుట్టే యాంటీబాడీ) పరీక్ష నమ్మదగ్గది కాదు. ఐజీజీ (తర్వాత పుట్టి నిలిచిపోయే యాంటీబాడీ) తేలడానికి 12 వారాలు పట్టొచ్చు. ఆ ఐజీజీ పరీక్షలో హెచ్‌ఎస్‌వీ-2 (జననాంగ హెర్పిస్ తెచ్చే వైరస్ రకం) విలువ 1.1 నుంచి 3 మధ్య వస్తే అది తప్పుడు పాజిటివ్ కూడా కావచ్చు, మరో పద్ధతిలో నిర్ధారించుకోవాలి.

ఈ దశ దాటినవాళ్లు దయచేసి చెప్పండి: ఏదీ తేలకముందే భాగస్వామికి ఏమని చెప్పారు? కండోమ్ కప్పని చర్మం నుంచీ అంటుతుంది కదా, పూర్తిగా దూరంగా ఉన్నారా? మళ్లీ పుండు లేస్తే అదే రోజు స్వాబ్ ఇచ్చేలా ముందే ఏర్పాటు చేసుకున్నారా? అన్నిటికంటే కష్టమైనది, పదేపదే అద్దంలో చూసుకోవడం ఎలా మానారు?