సెల్లార్‌లో చెమ్మ ఉన్న పాత ఇల్లు: కొనొచ్చా, వదిలేయాలా?

కొనబోయేవాడు:
ఇల్లు బాగా నచ్చింది. సెల్లార్‌లోకి దిగితే మాత్రం ముక్కిపోయిన వాసన. గోడలకు కొత్తగా రంగు వేశారు, అదీ కింద మూడడుగుల మేరకే. "పాత ఇళ్లకు ఇది మామూలేనండి" అంటున్నారు అమ్మేవారు. ఏం చేయమంటారు?

అనుభవజ్ఞుడు:
వదిలేయండి. నేనిలాంటిదే కొని ఏళ్ల తరబడి బాధపడ్డాను. లోపలి నుంచి రెండుసార్లు వాటర్‌ప్రూఫ్ కోటింగ్ వేయించాను. రెండుసార్లూ పొక్కులు లేచి పెచ్చులూడింది. బయట మట్టిలోని నీళ్లు గోడను నెడుతుంటే లోపల వేసిన పూత ఎన్నాళ్లు ఆగుతుంది? చివరికి ఇంటి చుట్టూ తవ్వించాల్సి వచ్చింది.

మేస్త్రీ కొడుకు:
అన్నగారి బాధ అర్థమైంది కానీ, చెమ్మ అనగానే పారిపోవాలంటే ఒప్పుకోను. నీళ్లెక్కడివో ముందు తేలాలి. రంగు వేయని చోట, నేల మీద ఒకటి, గోడకు ఒకటి, మూరెడు ప్లాస్టిక్ షీట్లు నాలుగు వైపులా టేపుతో గాలి చొరకుండా అంటించండి. ఒకట్రెండు రోజులాగి చూడండి. షీటు పైన తడి ఉంటే అది గదిలోని గాలి తేమే, వెంటిలేషన్‌తోనో డీహ్యూమిడిఫైయర్ (గాలిలో తేమను లాగేసే యంత్రం)తోనో తగ్గుతుంది. అడుగున, అంటే నేలకో గోడకో ఆనుకున్న వైపు చుక్కలు పడితే నేలలోంచో గోడలోంచో వస్తున్నట్టు.

గోడమీద తెల్లటి పొడి కనిపిస్తే నీటిచుక్క వేయండి. కరిగితే ఉప్పు, అంటే గోడలోంచి నీరు వచ్చి ఆరిపోయిందన్నమాట. బూజైతే కరగదు.

తర్వాత బయటికెళ్లి వాననీటి గొట్టం ఎక్కడ వదులుతుందో చూడండి. గోడ మొదట్లోనే పోస్తుంటే సగం కథ అక్కడే తెలిసిపోతుంది. గొట్టం పొడిగించి, గోడ నుంచి 10 అడుగుల దూరానికి కనీసం 6 అంగుళాల వాలు వచ్చేలా మట్టి సర్దితే చాలాచోట్ల చెమ్మ తగ్గిపోతుంది. ఇది పెద్ద ఖర్చు కాదు.

అనుభవజ్ఞుడు:
అడ్డంగా పగులుంటే? గోడ లోపలికి ఉబ్బితే?

మేస్త్రీ కొడుకు:
అప్పుడు మీ మాటే నా మాట. నిలువుగా వెంట్రుకవాసి పగులు వేరు. అడ్డ పగులంటే మట్టి ఒత్తిడి, స్ట్రక్చరల్ ఇంజనీర్ చూడందే అడ్వాన్స్ ఇవ్వొద్దు. ఆ కొత్త రంగు కూడా నాకు నచ్చలేదు. ఏం కప్పారో గట్టిగా అడగండి.

కొనబోయేవాడు:
షీట్లు అంటించి రెండ్రోజులకు వెళ్లి చూశాను. నేలమీద దాని పైన తడి, అడుగున పొడి. గోడమీద దానికి మాత్రం అడుగున చుక్కలు. ఆ గోడకు అవతలే వాననీటి గొట్టం పోస్తోంది. గొట్టం మళ్లించి, ఒక పెద్ద వాన పడ్డాక మళ్లీ చూస్తానని చెప్పాను. అమ్మేవారు ఇంకా ఒప్పుకోలేదు. అడ్వాన్స్ నా దగ్గరే ఉంది.