జర్నళ్లు ఆపే జాబితా ఎవరు రాయాలి? లైబ్రరీ ఒక్కటేనా, విభాగాలతో కలిసా?

పీరియాడికల్స్ డెస్క్

అందరికీ నమస్కారం. యూనివర్సిటీ లైబ్రరీలో పీరియాడికల్స్ సెక్షన్ నేను చూస్తాను. జర్నళ్ల చందాల రెన్యువల్స్ దగ్గరపడిన ప్రతిసారీ మా దగ్గర ఒకటే వాదన. వచ్చే ఏడాదికి ఏ జర్నల్ ఉంచాలి, ఏది ఆపాలి అన్నది వాడకం లెక్కలు చూసి లైబ్రరీయే తేల్చెయ్యాలా, విభాగాలను కూర్చోబెట్టుకుని తేల్చాలా? నా మాట ముందే చెబుతున్నాను. కలిసే చెయ్యాలి, ఏటా చెయ్యాలి.

ఇంత గట్టిగా చెప్పడానికి కారణం ఉంది. ఒక ఏడాది బడ్జెట్ తగ్గితే మేమే కూర్చుని చేశాం. ప్రతి జర్నల్ ధరను దాని డౌన్‌లోడ్లతో భాగించాం. ఒక్కో వాడకానికి ఎక్కువ పడినవన్నీ ఆపేశాం. జాబితా తయారుచేసింది నేనే. అందులో ఒక భాషాశాస్త్ర జర్నల్ ఉంది. డౌన్‌లోడ్లు చాలా తక్కువ. ఆపేసిన రెండు నెలలకు ఒక గైడ్ గారు వచ్చి, తన దగ్గర ముగ్గురు విద్యార్థులు థీసిస్ చివరి దశలో ఉన్నారని, ఆ అంశం మీద వచ్చే జర్నల్ ఇదొక్కటేనని చెప్పారు. పాత సంచికలైనా తెరుచుకుంటాయి కదా అని చూస్తే అవీ మూసుకుపోయాయి. డబ్బు కట్టిన సంవత్సరాలకు శాశ్వత హక్కు ఉందో లేదో మేం లైసెన్స్‌లో చూసుకోలేదు. తర్వాతి ఏడాది మళ్లీ తెప్పించాం, కానీ పాత ధర పోయింది, కొత్త ధర కట్టాం. ఆ విభాగానికి ముందే ఒక మెయిల్ పెట్టి ఉంటే ఇదంతా జరిగేది కాదు.

మీ దగ్గర ఎలా చేస్తున్నారు? లెక్కలు చాలంటారా?

ఈ-రిసోర్సెస్ సెక్షన్

మేడమ్, మీ బాధ అర్థమైంది. కానీ ఒక తప్పు నిర్ణయం చూసి పద్ధతినే మార్చడం సరికాదని నా అభిప్రాయం. అది లైసెన్స్ చదవకపోవడం వల్ల జరిగింది. కమిటీ లేకపోవడం వల్ల కాదు.

నేను వరసగా మూడేళ్లు విభాగాలకు జాబితాలు పంపాను. సగం విభాగాలు జవాబే ఇవ్వలేదు. ఇచ్చినవాళ్లు అన్నిటి ఎదురుగా ‘తప్పనిసరి’ అని రాశారు. గట్టిగా మాట్లాడే విభాగం జర్నళ్లు నిలిచాయి, మెతకగా ఉండే విభాగం జర్నళ్లు పోయాయి. మంది ఎక్కువైతే మజ్జిగ పలచన అన్నది ఊరికే అనలేదు.

లెక్కలు ఇప్పుడు పాతరోజుల్లా లేవు. ఒకే వ్యాసాన్ని ముందు వెబ్ పేజీగా తెరిచి, తర్వాత పీడీఎఫ్ దించుకుంటే ఇదివరకు రెండుగా పడేది. వాడకం ఎలా లెక్కపెట్టాలో పబ్లిషర్లకు చెప్పే కౌంటర్ అనే ప్రమాణం ఉంది కదా, 2019 నుంచి అమల్లోకి వచ్చిన దాని రిలీజ్ 5లో విడి వ్యాసాల లెక్క వేరే ఉంది, ఒక సెషన్‌లో ఒక వ్యాసం ఒక్కసారే పడుతుంది. ఓపెన్ యాక్సెస్‌లో, అంటే ఎవరైనా ఉచితంగా చదివేలా వచ్చినవాటిని పక్కన పెట్టి, మనం డబ్బు కట్టినవాటి వాడకమే చూసుకోవచ్చు. ఇక 1934లోనే బ్రాడ్‌ఫర్డ్ అనే బ్రిటిష్ లైబ్రేరియన్ చెప్పాడు, ఒక అంశానికి పనికొచ్చే వ్యాసాల్లో పెద్ద వంతు కొద్ది జర్నళ్లలోనే వస్తుందని. న్యూయార్క్ రాష్ట్ర విశ్వవిద్యాలయాల వ్యవస్థ 2020లో ఎల్సెవియర్ అనే పబ్లిషర్ జర్నళ్లన్నీ కట్టగా ఇచ్చే పెద్ద ప్యాకేజీ వదిలేసి 248 జర్నళ్లు మాత్రమే తీసుకుంది. పరిశోధన ఆగిపోలేదు కదా.

గణితం మాస్టారు

లైబ్రరీ వాళ్ల చర్చలో దూరుతున్నందుకు ఏమీ అనుకోకండి. నేను గణితం బోధిస్తాను.

మా దగ్గర ఒక వ్యాసం చదవడానికి రెండు వారాలు పడుతుంది, ఒక్కోసారి రెండు నెలలు. ఒకసారి దించుకుని, ప్రింట్ తీసుకుని, మార్జిన్లలో రాసుకుంటూ కూర్చుంటాం. మీ రిపోర్టులో అది ఒక్క డౌన్‌లోడ్. వైద్యంలోనో రసాయనశాస్త్రంలోనో ఒక్క మధ్యాహ్నం పది వ్యాసాలు తిరగేస్తారు. మమ్మల్నీ వాళ్లనీ ఒకే తక్కెడలో తూస్తే ప్రతి ఏడాదీ మేమే తేలిపోతాం. ఒక్కో వాడకానికి ఎంత పడింది అన్న లెక్క ఒక విభాగం లోపల పోల్చడానికి పనికొస్తుంది, విభాగానికీ విభాగానికీ మధ్య పనికిరాదు.

అయితే ఇంకో సంగతి కూడా నిజాయితీగా చెప్పాలి. జర్నల్‌లో రాకముందే వ్యాసాలను ఉచితంగా పెట్టే ఆర్కైవ్ (arXiv) అనే ప్రీప్రింట్ సైట్ 1991 నుంచి నడుస్తోంది, అందులో మా కొత్త వ్యాసాలు చాలావరకు ముందే దొరుకుతాయి. కాబట్టి మేం కొన్ని ఖరీదైన జర్నళ్లు లేకుండా బతకగలం. ఏవి అన్నది మాకు తెలుసు, మీ లెక్కల్లో కనిపించదు. నన్నెవరూ ఎప్పుడూ ‘మాస్టారూ, మీకు ఏది అక్కర్లేదు?’ అని అడగలేదు. ‘ఇది కావాలా?’ అని అడిగితే ఎవరైనా కావాలనే అంటారు.

పరిశోధక విద్యార్థిని

మాస్టారి మాట చదివాక రాయకుండా ఉండలేకపోయాను. సర్, మిమ్మల్ని అడగలేదంటున్నారు, మమ్మల్నైతే అడగాలన్న ఆలోచనే ఎవరికీ రాలేదు. మా డిపార్ట్‌మెంట్‌లో అందరికన్నా ఎక్కువ వ్యాసాలు చదివేది పీహెచ్‌డీ విద్యార్థులం. జాబితా మీద సంతకం పెట్టేది మాత్రం హెచ్ఓడీ గారు. ఆయనకు తను చదువుకున్న రోజుల్లో పేరున్న జర్నళ్లు గుర్తుంటాయి. నేను పనిచేసే అంశం మీద పదేళ్ల కిందట మొదలైన జర్నల్ గుర్తుండదు. అందులో తప్పేమీ లేదు, కానీ అడిగేటప్పుడు మమ్మల్నీ అడగండి.

డౌన్‌లోడ్ల గురించి కూడా ఒకటి చెబుతాను. ఒక అసైన్‌మెంట్ కోసం క్లాసంతా ఒకే వ్యాసం దించుకుంటే ఆ జర్నల్‌కు ఆ నెల లెక్క అమాంతం పెరుగుతుంది. ఆ ఒక్క వ్యాసం తప్ప అందులో ఇంకేమీ చదివి ఉండరు. పోయిన సెమిస్టర్ మా క్లాస్‌లో సరిగ్గా అదే జరిగింది.

చిన్న కాలేజీ లైబ్రేరియన్

అందరూ పెద్ద లైబ్రరీల నుంచి మాట్లాడుతున్నారు. నేను ఒక్కదాన్నే ఉంటాను. కౌంటర్ మీద కూర్చోవాలి, క్యాటలాగ్ చెయ్యాలి, పరీక్షలప్పుడు రీడింగ్ హాల్ చూడాలి. మాకున్న జర్నళ్లలో ఎక్కువ రెండు ప్యాకేజీల్లో వస్తాయి. ఒక్కటి తీసేస్తామంటే కుదరదు, మొత్తం ఉంచాలి లేదా మొత్తం వదలాలి. ఇక ఏటా విభాగాలతో మీటింగులు పెట్టి సాధించేది ఏముంది? ఆ టెన్షన్ తప్ప?

పీరియాడికల్స్ డెస్క్

అందరికీ ఒకచోటే జవాబు రాస్తున్నాను, కాస్త పొడుగవుతుంది.

ఈ-రిసోర్సెస్ గారూ, మీరు చెప్పిన ఇబ్బందులన్నీ నిజమే. నేనూ పడ్డాను. కానీ అవి అడిగే తీరు వల్ల వచ్చినవి. మాస్టారు అన్నది మళ్లీ చదవండి. ‘కావాలా’ అని అడిగితే అన్నీ కావాలంటారు. అందుకని మేం ఇప్పుడు ఒక మొత్తం చెప్పి అడుగుతున్నాం. ‘మీ విభాగం జర్నళ్లకు ఇప్పుడు ఇంత అవుతోంది, వచ్చే ఏడాది ఇంతే ఉంది, ఈ తేడా ఎక్కడ తగ్గిద్దాం?’ దాంతో సంభాషణే మారిపోయింది. ఒక విభాగం వాళ్లు మేం ఊహించని రెండు ఖరీదైన పేర్లు వాళ్లంతట వాళ్లే కొట్టేసి, మేం ఆపేద్దామనుకున్న చిన్న జర్నల్‌ను నిలబెట్టుకున్నారు.

ప్రతి విభాగానికి వెళ్లే షీట్‌లో ధర, మూడేళ్ల వాడకం, యాక్సెస్ లేక వెనక్కి వెళ్లిన ప్రయత్నాలు, మనవాళ్లు అందులో ఎన్ని వ్యాసాలు రాశారు, ఎన్నిసార్లు ఉదహరించారు, ఆపేస్తే పాత సంచికలు మిగులుతాయా లేదా అన్నవి ఉంటాయి. మూడేళ్లు ఎందుకంటే అసైన్‌మెంట్ లాంటి ఒక్క నెల పెరుగుదల అప్పుడు తేలిగ్గా కనిపిస్తుంది. విద్యార్థినికి ధన్యవాదాలు. పరిశోధక విద్యార్థులకు విడిగా షీట్ పంపాలన్నది మాకు తట్టలేదు, ఈసారి నుంచి పంపుతాం.

జవాబు ఇవ్వని విభాగం విషయంలో నిర్ణయం లైబ్రరీదే. ఈ మాట మొదటి మెయిల్‌లోనే రాస్తాం. తాము ఎడిటోరియల్ బోర్డులో ఉన్న జర్నల్ గురించి మాట్లాడేవారు ఆ సంగతి ముందే చెప్పాలన్నది కూడా అందులోనే ఉంటుంది. మొదట్లో కొందరు నొచ్చుకున్నారు, తర్వాత అలవాటైంది.

నాకు ఎక్కువ భయం పుట్టించేవి రెండు మూడు విభాగాలు కలిసి చదివే జర్నళ్లు. ఉమ్మడి గొర్రె పుచ్చి చస్తుందంటారే, సరిగ్గా అలా అవుతుంది. గణాంకశాస్త్రం వాళ్లు ‘జీవశాస్త్రం వాళ్లు ఉంచుకుంటారులే’ అనుకుంటారు, వాళ్లు వీళ్ల మీద పెడతారు, చివరికి ఎవరి జాబితాలోనూ ఉండదు. అలాంటివాటిని విభాగాల లెక్క నుంచి తీసేసి, లైబ్రరీ చేతిలో ఒక ఉమ్మడి నిధి పెట్టుకుని చూస్తున్నాం.

చిన్న కాలేజీ మేడమ్, ప్యాకేజీలో ఒక్కటి తీయలేకపోవచ్చు, కానీ ఆ ప్యాకేజీ కావాలో వద్దో తేల్చాలన్నా లోపల ఏవి నిజంగా అవసరమో తెలియాలి. మాంట్రియల్ యూనివర్సిటీ సరిగ్గా అదే చేసింది. డౌన్‌లోడ్లు, ఉదహరింపులు, అధ్యాపకులనూ విద్యార్థులనూ అడిగిన సర్వే, మూడూ కలిపి చూసింది. ఆ పట్టిక చేతిలో ఉంది కాబట్టే 2016లో ఒక పెద్ద ప్యాకేజీని విడగొట్టి కావలసినవే ఉంచుకోగలిగింది.

2019 ఫిబ్రవరిలో కాలిఫోర్నియా యూనివర్సిటీ ఎల్సెవియర్‌తో చర్చలు ఆపేసింది. మళ్లీ ఒప్పందం కుదిరింది 2021 మార్చిలో. రెండేళ్లు. అందులో 2019 జూలై నుంచి కొత్త వ్యాసాలు నేరుగా తెరుచుకోకపోయినా వాళ్లు నిలబడ్డారంటే, అధ్యాపకుల సెనేట్ మొదటి నుంచీ లైబ్రరీ వెనక ఉంది కాబట్టే. లెక్కలు చూసి లైబ్రరీ ఒక్కటే నిర్ణయం తీసుకుని ఉంటే, మొదటి నెలలోనే ఫోన్లు మోగి వెనక్కి తగ్గాల్సి వచ్చేది. ఇది నా నమ్మకం.

కన్సార్షియం పనిలో ఉన్న వ్యక్తి

చాలా లైబ్రరీల తరఫున కలిపి పబ్లిషర్లతో మాట్లాడే వైపు నుంచి రెండు మాటలు. చదవడానికీ, మనవాళ్లు ఓపెన్ యాక్సెస్‌లో ప్రచురించడానికీ కలిపి ఒకే ఒప్పందం చేసుకోవడం పెరిగింది. అక్కడ డౌన్‌లోడ్లు మాత్రమే చూస్తే సగం బొమ్మే కనిపిస్తుంది. మనవాళ్లు ఏటా ఎన్ని వ్యాసాలు ఆ పబ్లిషర్ దగ్గర వేస్తున్నారో కూడా కావాలి. ఒప్పందం మూడేళ్లదైనా లెక్క ఏటా తీసిపెట్టుకోండి. గడువు చివరి నెలలో తీస్తే బేరమాడడానికి సమయం ఉండదు. ఆపేస్తున్నామని ముందుగా ఎప్పటిలోగా తెలపాలో లైసెన్స్‌లో ఉంటుంది. ఆ తేదీ నుంచి వెనక్కి లెక్కపెట్టి విభాగాలకు గడువు ఇవ్వండి.

జర్నళ్లు ఒక పబ్లిషర్ నుంచి ఇంకొకరికి మారుతూ ఉంటాయి. ప్యాకేజీలోంచి మంచివి వెళ్లిపోయినా ధర అలాగే ఉండొచ్చు. లైసెన్స్‌లో రాసిన జాబితానూ ఇప్పుడు నిజంగా తెరుచుకుంటున్న జాబితానూ పక్కపక్కన పెట్టి చూడండి. ఈ పని విభాగాలు చెయ్యలేవు, లైబ్రరీయే చెయ్యాలి.

ఈ-రిసోర్సెస్ సెక్షన్

మొత్తం చెప్పి అడగడం నేను ప్రయత్నించలేదు. అది బాగుంది, ఒప్పుకుంటాను. మాస్టారి తక్కెడ మాట కూడా సరైనదే. ఒకే గీత అన్ని విభాగాలకూ గీయడం మానేస్తాను.

కానీ రెండు సందేహాలు. కొన్ని ఒప్పందాల్లో ధర బయటపెట్టకూడదని షరతు ఉంటుంది. మరి మీ షీట్‌లో ధర ఎలా చూపిస్తున్నారు? రెండోది, ఆపేశాక అది సరైన నిర్ణయమో కాదో ఎవరు చూస్తున్నారు? విభాగం వాళ్లు సంతకం పెట్టారు కాబట్టి సరైనదే అనుకుంటే, నేను లెక్క చూసి సరైనదే అనుకున్నదానికీ దీనికీ తేడా లేదు.

పీరియాడికల్స్ డెస్క్

మొదటిదానికి: అలాంటి షరతు ఉన్నచోట అంకె వెయ్యం. ఎక్కువ, మధ్యస్థం, తక్కువ అని మూడు తరగతులుగా చూపిస్తాం, అదీ షరతు ఒప్పుకుంటేనే. కొత్త ఒప్పందాల్లో ఆ షరతు తీసెయ్యమని అడుగుతున్నాం, సొంత అధ్యాపకుల దగ్గర దాచి వాళ్ల సలహా ఎలా అడుగుతాం?

రెండోది మీరు సరిగ్గా పట్టుకున్నారు. ఆపేసిన ప్రతి జర్నల్‌ను ఒక ఏడాది పాటు వేరే షీట్‌లో ఉంచుతున్నాం. ఇంటర్ లైబ్రరీ లోన్ మీద, అంటే వేరే లైబ్రరీలను అడిగి, దాంట్లోంచి ఎన్ని వ్యాసాలు తెప్పించాం, దానికి ఎంత అయింది, ఎంతమంది తెరవబోయి వెనక్కి వెళ్లారు. ఆ షీట్ తర్వాతి రివ్యూ మొదటి రోజే అన్ని విభాగాలకూ వెళ్తుంది, మా తప్పులతో సహా. పోయినసారి అలా ఒకటి వెనక్కి తెచ్చుకున్నాం.

చిన్న కాలేజీ లైబ్రేరియన్

ఏటా అన్ని విభాగాలతో కూర్చోవడం నా ఒక్కదాని వల్ల కాదు. ఏడాదికి మూడో వంతు విభాగాల చొప్పున తిప్పితే ఎలా ఉంటుంది? మిగతావాళ్లకు ఆ ఏడాది లెక్కల షీట్ మాత్రం పంపుతాను.

పీరియాడికల్స్ డెస్క్

బాగుంటుంది మేడమ్. ఏ ప్యాకేజీ గడువు ముందు ముగుస్తుందో దాన్ని ఎక్కువగా వాడే విభాగాలతో మొదలుపెట్టండి. షీట్ ఖాళీ నమూనా కావాలంటే ఇక్కడే పెడతాను, మీకు అక్కర్లేని కాలమ్‌లు తీసేసుకోండి.