అప్‌డేట్: కావలి దగ్గరి ఇసుక బీడులో గడ్డి పలచబడటానికి కారణం తెలిసింది

మా నాలుగెకరాల ఇసుక బీడులో గరిక ఏటికేడాది పలచబడి, ఇసుక మచ్చలుగా బయటపడుతున్నదని నిరుడు వేసవిలో ఇక్కడ అడిగాను. సలహాలిచ్చిన వారందరికీ కృతజ్ఞతలు. ఉప్పు చేరిందన్న నా అనుమానం తప్పని మట్టి పరీక్షలో తేలింది. చెదలకూ దీనితో సంబంధం లేదు.

బీడును స్వయంగా చూసిన పశుగ్రాస నిపుణుడు చెప్పిన కారణం వేరు: ఎనిమిది పశువులు ఏడాది పొడుగునా ఒకేచోట మేయడంవల్ల, కొరికిన దుబ్బు తేరుకోకముందే మళ్లీ కొరకబడి వేళ్లు కురచబడ్డాయి, నీరు నిలవని ఇసుకలో కురచ వేళ్ల గడ్డి ఎండకు తాళలేకపోయింది. ఇక్కడ ఒకరు సూచించినట్టే బీడును నాలుగు మడులుగా కంచె వేసి విడదీశాను. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, అంటే మా కావలి వైపు అసలు వాన పడే కాలంలో, రెండు మడులను పూర్తిగా వదిలేశాను. గడ్డి జానెడు ఎదిగాకే పశువులను తోలి, నాలుగు వేళ్ల ఎత్తు మిగిలి ఉండగానే మళ్లిస్తున్నాను.

ఆ రెండింటిలో గరిక చాలావరకు అల్లుకుంది. నీళ్ల తొట్టి చుట్టూ మాత్రం గిట్టల తొక్కిడికి ఇసుక ఇంకా బోడిగానే ఉంది కాబట్టి తొట్టిని గట్టినేల వైపు మార్చాను. యూరియా చల్లాల్సిన అవసరం రాలేదు.