జనరల్ సర్జరీయా, ఈఎన్‌టీయా? కౌన్సెలింగ్ లోపు తేల్చుకోవాలి

గుంటూరు_హౌస్‌సర్జన్:
అందరికీ నమస్తే. హౌస్ సర్జన్సీ చివర్లో ఉన్నాను. నీట్ పీజీలో నాకొచ్చిన ర్యాంకుకి స్టేట్ కోటాలో జనరల్ సర్జరీ వచ్చేలా ఉంది, ఈఎన్‌టీ కూడా రావచ్చు. సర్జరీ పోస్టింగులో ఉండగా ఒక రాత్రి కడుపు పలకలా బిగుసుకుపోయిన మనిషిని ఆటోలో తీసుకొచ్చారు. ఎక్స్‌రేలో డయాఫ్రమ్ కింద నెలవంకలా గాలి, అంటే అల్సర్ చిల్లు పడింది. కోతని తెరిచి ఉంచే రిట్రాక్టర్ రెండు గంటలు పట్టుకుని నిలబడ్డాను, చేతులు తిమ్మిరెక్కాయి, అయినా అక్కణ్ణుంచి కదలబుద్ధి కాలేదు. వారం తిరక్కుండా ఆయన మంచం మీద కూర్చుని భార్య చేత్తో ఇడ్లీ తినడం చూశాక ఇక నాకు వేరే బ్రాంచి ఆనట్లేదు. ఇంట్లో మాత్రం అమ్మ ఒకటే మాట, ఆడపిల్లకి ఆ రాత్రుళ్ల చాకిరీ ఎందుకు, ఈఎన్‌టీ తీసుకో, లేదా గైనిక్ తీసుకో అని. ఈ దారిలో నడిచినవాళ్లు ఉన్నదున్నట్టు చెప్పండి.

మత్తుడాక్టర్:
అమ్మా, నేను అనస్థీషియా. పేషెంట్ తలవైపు నిలబడి అన్ని బ్రాంచీల సర్జన్లనీ పద్దెనిమిదేళ్లుగా చూస్తున్నాను కాబట్టి చెబుతున్నా. ఆపరేషన్ బాగా జరిగిన రోజుని చూసి బ్రాంచి ఎంచుకోకు. ప్రతి బ్రాంచికీ దానిదైన చెడ్డ రోజు ఒకటి ఉంటుంది. పేగు కుట్టిన సర్జన్‌కి అది అయిదో రోజో ఆరో రోజో వస్తుంది: పల్స్ మెల్లగా పెరుగుతుంది, జ్వరం అందుకుంటుంది, లోపలి ద్రవాన్ని బయటికి తెచ్చే డ్రెయిన్ గొట్టంలో రంగు మారుతుంది, కుట్టు లీకైందేమోనని ఆయన మంచం చుట్టూ తిరుగుతుంటాడు. ఎముకల డాక్టర్‌కి ప్లేటు చుట్టూ చీము పడితే నెలల తరబడి అదే పేషెంట్, అదే గాయం. న్యూరో వాళ్లకి ఆపరేషన్ అంతా సజావుగా జరిగినా మనిషి కళ్లు తెరవకపోవచ్చు, అప్పుడు బయట తలుపు దగ్గర నిలబడ్డ కొడుక్కి చెప్పాల్సింది సర్జనే. వీటిలో ఏ చెడ్డ రోజుని మోసి మర్నాడు మళ్లీ స్క్రబ్ అయి ఆపరేషన్‌కి దిగగలవో చూసుకో. నీకు వచ్చిన ఆ ఇడ్లీ తిన్న మనిషి కేసు గొప్పదే. కానీ ఆయన కోలుకోకపోయి ఉంటే కూడా నువ్వు ఇదే అడిగేదానివా?

గోదావరిగట్టు:
తాలూకా సెంటర్‌లో జనరల్ సర్జన్‌ని. హెర్నియా, వరిబీజం, మొలలు, అపెండిక్స్, గాల్ బ్లాడర్, ఆపైన షుగర్ కాళ్లు. ఈ షుగర్ కాళ్ల సంగతి ఎవరూ చెప్పరు. కుళ్లిన పాదం శుభ్రం చేయడం, వేలు తీసేయడం, మూడు వారాలకి మళ్లీ వస్తే ఇంకో వేలు. ఆ వాసన ఇంటికొచ్చి స్నానం చేసినా పోయినట్టుండదు. అయినా ఆ మనిషి కాలు నిలబడి, చెప్పులేసుకుని నడిచొస్తే అంతకు మించింది లేదు నాకు.

లెక్క కూడా చెప్పుకుందాం. ఎంబీబీఎస్ హౌస్ సర్జన్సీతో కలిపి అయిదున్నరేళ్లు, ఎంఎస్ మూడేళ్లు. యూరాలజీయో సర్జికల్ గ్యాస్ట్రోయో అనుకుంటే సూపర్ స్పెషాలిటీ పరీక్ష నీట్ ఎస్‌ఎస్ రాసి ఎంసీహెచ్ ఇంకో మూడేళ్లు. మధ్యలో ప్రభుత్వానికి తప్పనిసరిగా పనిచేయాల్సిన బాండ్ ఉంటే అదీ, ర్యాంకు కోసం ఆగితే అదీ. ముప్ఫై దాటాకే స్థిరపడతావు, ఇది ఇంట్లో ముందే చెప్పి ఒప్పించుకో. ఎంసీహెచ్ చేయకపోతే బతుకు లేదని భయపెట్టేవాళ్ల మాట వినకు, చిన్న ఊళ్లలో మంచి జనరల్ సర్జన్ కోసం జనం ఎదురుచూస్తారు.

గుండెగది:
గోదావరిగట్టు గారూ, చిన్న ఊరి వరకు నిజమే. సిటీలో మాత్రం ఎంసీహెచ్ అడుగుతున్నారు సర్. నేను గుండె ఆపరేషన్ల వైపు వెళ్లాను. హార్ట్ లంగ్ మెషీన్, దాన్ని నడిపే పెర్ఫ్యూజనిస్టు, రాత్రంతా కనిపెట్టుకునే ఐసీయూ లేకుండా నేను ఒక్క కేసూ చేయలేను, అంటే జీవితాంతం పెద్ద ఆస్పత్రికి కట్టుబడినట్టే. సొంత ఊళ్లో బోర్డు పెట్టుకోవాలన్న ఆశ ఉంటే ఇది ఇప్పుడే ఆలోచించుకో చెల్లీ.

నిద్రలేని_పీజీ:
సర్జరీ రెండో సంవత్సరం, అమ్మాయినే. మా యూనిట్ కొత్త పేషెంట్లని చేర్చుకునే అడ్మిషన్ డే రోజు పొద్దున ఎనిమిదికి ఎక్కితే మర్నాడు సాయంత్రానికి గానీ దిగం, ఇది అబద్ధం కాదు. మొదటి ఆరు నెలలు థియేటర్ కంటే వార్డు, డ్రెస్సింగులు, బ్లడ్ బ్యాంకు, సీటీ రిపోర్టు కోసం పరుగులే ఎక్కువ. హాస్టల్లో మంచం కడ్డీకి సిల్క్ దారం కట్టి ఎడమ చేత్తో ముడి వేయడం ప్రాక్టీస్ చేసేదాన్ని, ఆ కడ్డీ మొత్తం ముడులే. మా థియేటర్‌లో గ్లవ్స్ ఏడు, ఏడున్నర సైజులే ఉండేవి. నాది ఆరు. వేళ్ల చివర రబ్బరు వేలాడుతుంటే దారంలో ఇరుక్కుని ముడి జారేది, నా చేతిలోనే ఏదో లోపం ఉందని ఏడ్చాను కూడా. సైజు సరిపోయే జత దొరికిన రోజు అదే ముడి మొదటిసారికే కూర్చుంది. కాళ్ల కింద స్టూల్ అడగడానికీ సిగ్గుపడకు. టేబుల్ ఎత్తు సర్‌కి తగ్గట్టు పెడితే మనకి భుజాలు పడిపోతాయి.

ఈఎన్‌టీ_అక్క:
అమ్మగారికి ఒక మాట చెప్పాలి, ఈఎన్‌టీ అంటే తేలిక పని కాదండీ. వేరుశనగ గింజ ఊపిరి గొట్టంలోకి జారిన రెండేళ్ల పిల్లాణ్ణి రాత్రి రెండింటికి తెస్తారు, పిల్లాడి పెదాలు నీలం తిరుగుతుంటాయి, అప్పుడు నిమిషాల లెక్క. చెవి ఆపరేషన్‌లో మైక్రోస్కోప్ కింద డ్రిల్ పట్టుకుంటే పక్కనే ముఖాన్ని కదిలించే నరం. 2021లో కరోనా సెకండ్ వేవ్ అప్పుడు బ్లాక్ ఫంగస్ వచ్చి కోఠి ఈఎన్‌టీ ఆస్పత్రిని దానికి నోడల్ కేంద్రం చేశారు గుర్తుందా, ఆ రోజుల్లో మా బ్రాంచి వాళ్లు రాష్ట్రమంతా రోజూ సైనస్‌లు శుభ్రం చేస్తూనే ఉన్నారు. నాకు ప్రాణం ఈ బ్రాంచంటే. తీసుకుంటే ఇష్టపడి తీసుకో, రాత్రుళ్లు తప్పించుకోవడానికి మాత్రం రావద్దు.

లీడ్స్_తెలుగు:
యూకే ఆలోచన ఉన్నవాళ్ల కోసం. ఇక్కడ కోర్ సర్జికల్ ట్రైనింగ్ రెండేళ్లు, ఆ తర్వాత స్పెషాలిటీ ట్రైనింగ్ ఎస్‌టీ3 నుంచి ఎస్‌టీ8 దాకా, మధ్యలో ఎంఆర్‌సీఎస్ పరీక్ష. సీట్లకి పోటీ చాలా ఎక్కువ. నేనైతే ఇండియాలో ఎంఎస్ చేసే వచ్చాను, అక్కడ చేతిలో పడినన్ని కేసులు ఇక్కడ ఆ వయసులో పడవు.

గుంటూరు_హౌస్‌సర్జన్:
మత్తుడాక్టర్ సర్, మీ ప్రశ్న రెండు రోజులుగా వదల్లేదు. నిజం చెప్పాలంటే అదే నెలలో ఇంకో పేషెంట్ ఉన్నారు, కుట్టు లీకై చనిపోయారు. ఆవిడ డ్రెస్సింగ్ నేనే చేసేదాన్ని. ఇక్కడ మొదట ఆవిడ గురించి రాయలేదు, రాయలేకపోయాను. కానీ ఆవిడ పోయిన మర్నాడు కూడా నేను తొందరగా వార్డుకి వెళ్లాను, పక్క మంచం ఆయనకి డ్రెయిన్ ఎంత వచ్చిందో చూడాలని. మీరడిగినదానికి అదే నా జవాబు అనుకుంటున్నాను. అమ్మకి ఈఎన్‌టీ అక్క రాసింది చదివి వినిపించాను, ఏమీ అనలేదు, రాత్రి డ్యూటీలకి డబ్బాలో ఏం పెట్టాలి అని మాత్రం అడిగింది. మొదటి ఆప్షన్‌గా జనరల్ సర్జరీ పెడుతున్నాను. నాది కూడా గ్లవ్స్ సైజు ఆరే, మీరు ఎలా తెప్పించారు అక్కా?

నిద్రలేని_పీజీ:
చేరిన వారంలోనే థియేటర్ సిస్టర్‌ని కలిసి సరుకు తెప్పించే ఇండెంట్‌లో ఆరు, ఆరున్నర రాయించు. అవి వచ్చేదాకా నీ జతలు నాలుగు బ్యాగులో పెట్టుకో.