ఓల్డేజ్ హోమ్ వంటింట్లో చిన్న బొద్దింకలు, నెలనెలా స్ప్రే కొట్టించినా తగ్గట్లేదు

వంటింటి_మేనేజర్:
గుంటూరు దగ్గర ఒక చిన్న ఓల్డేజ్ హోమ్ చూసుకుంటున్నానండీ, 34 మంది పెద్దవాళ్ళు, వంటకి ఇద్దరు ఆడవాళ్ళు, ఒక హెల్పర్. మా బాధ బొద్దింకలు, పెద్దవి కాదు, ఆ లేత గోధుమరంగు చిన్నవి. నెలకోసారి ఒకాయన వచ్చి స్ప్రే కొట్టి పోతాడు, రెండ్రోజులు ఒక్కటీ కనపడదు, వారం తిరిగేసరికి మళ్ళీ మామూలే, రాత్రి లైటేస్తే గట్టు మీద పరుగో పరుగు. మొన్న ఒక తాతగారి పెరుగన్నంలో వచ్చింది, ఆయన ఒక్క మాట కూడా అన్లేదు, కంచం పక్కకి జరిపి లేచెళ్ళిపోయారు, నాకు తల తీసేసినట్టయింది. వంటావిడ లక్ష్మణరేఖ చాక్‌పీస్ గీసేద్దాం అంటోంది. గీయించనా, లేక స్ప్రే డోసు పెంచమననా?

పెస్ట్‌బాబాయ్:
డోసు పెంచితే ఏం లాభం లేదండీ. అవి జర్మన్ బొద్దింకలు, తల వెనక రెండు నల్లగీతలుంటాయి చూడండి. స్ప్రేకి బయట తిరిగేవి చస్తాయి, గుడ్ల సంచికి ఏమీ కాదు, ఒక్కో సంచిలో 30, 40 గుడ్లు, ఇంకెక్కడ తగ్గుతాయి. బొద్దింకలు తినే మందు జెల్ పెట్టించండి, పెసరగింజంత చుక్కలు చాలు, తిన్నది గూట్లోకెళ్ళి చస్తే దాని రెట్టా శవమూ తిని మిగతావీ పోతాయి. జెల్ పెట్టాక మాత్రం పొరపాటున కూడా అక్కడ స్ప్రే కొట్టొద్దు, ఆ వాసనకి జెల్ దగ్గరకే రావు.
ముందు గూడు ఎక్కడో చూడాలి. రాత్రి అందరూ పడుకున్నాక టార్చి పట్టుకుని వెళ్ళండి. ఫ్రిజ్ మోటార్ వెనకాల, గ్రైండర్ అడుగున పిండి కారి ఎండిన చోట, అలమర తలుపు బందుల్లో, నల్లగా కాఫీపొడి చల్లినట్టు రెట్టలు ఉంటే గూడు అక్కడే. ఇంకోటి, కోడిగుడ్ల అట్ట ట్రేలు, కిరాణా డబ్బాలు లోపలికి రానివ్వకండి, సగం బొద్దింకలు వాటితోనే దిగుతాయి.

నైట్‌డ్యూటీ_సిస్టర్:
చాక్‌పీస్ వద్దే వద్దు అండీ! అది కూడా పురుగుమందే, మతిమరుపున్న పెద్దవాళ్ళు బలపం అనుకుని చేత్తో పట్టుకుని నోట్లో పెట్టుకుంటే ఏం చేస్తారు. ఎలుకల పేస్ట్ అయితే మరీ డేంజర్, పసుపు భాస్వరం ఉన్నవి కొంచెం మింగినా లివర్ పోతుంది, మొదట్లో మామూలుగానే కనపడొచ్చు కాబట్టి మనకీ తెలీదు. ఎలుకలుంటే బోను పెట్టుకోండి, పైపులు గోడలోకి వెళ్ళే కంతలు మూయించండి. బొద్దింకలు, ఎలుకలు తిరిగిన తిండి తిని పెద్దవాళ్ళకి విరేచనాలు పట్టుకుంటే మనలాగా కాదు, ఒక్కరోజులో నీరసించి పోతారు, అందుకే ఇంతగా చెప్తున్నా.

మెస్‌మాస్టర్:
హాస్టల్ మెస్ నడిపినవాడిగా ఒక్క మాట. ఎఫ్ఎస్ఎస్ఏఐ (కేంద్ర ఆహార భద్రత సంస్థ) వంటిళ్ళ శుభ్రతకి పెట్టిన షెడ్యూల్ 4 నియమాల్లో పెస్ట్ కంట్రోల్ కూడా ఉంది, కాబట్టి ఏ మందు, ఎక్కడ, ఏ తేదీన అని ఆ మందు కొట్టే ఆయనతో రాయించుకుని సంతకం పెట్టించుకోండి. రాయమంటే సగంమంది మళ్ళీ రారు, అదీ మంచిదే.

చిన్నకూతురు:
మా అమ్మ ఉన్నచోట వంటిల్లు అద్దంలా ఉండేది, బొద్దింకలన్నీ గదుల్లోనే. చూస్తే దిండు కింద బిస్కెట్లు, బీరువాలో నేనిచ్చిన జంతికలే 😅 తినొద్దంటే బాధపడతారు, మూత గట్టిగా పట్టే స్టీలు డబ్బాలు ఇచ్చాం, అమ్మకి మూత రాకపోతే ఆయా తీసిస్తుంది.

వంటింటి_మేనేజర్:
రాత్రి చూశానండీ. గ్రైండర్ పక్కకి లాగితే... చెప్పను, అన్నం సహించలేదు. వంటావిడ కూడా చూసింది, చాక్‌పీస్ మాట మళ్ళీ ఎత్తలేదు. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో కూడా ఉన్నాయి, అక్కడ జెల్ పెట్టొచ్చా?

పెస్ట్‌బాబాయ్:
రబ్బర్లో వద్దు, తిండి తగిలే చోటు. వేడి సబ్బునీళ్ళు, పాత టూత్‌బ్రష్‌తో మడత మడతా తోమించండి. జెల్ వెనక మోటార్ వైపు. ప్లగ్గు పీకి చెయ్యండి.