వెంటిలేటర్ మీద రీసెర్చ్ అంటే అసలేం చేస్తారు? పేషెంట్ల మీద లాటరీ వేయడం కరెక్టేనా?

చిన్నోడు_అడుగుతున్నాడు:
అందరికీ నమస్తే. మా అక్క అనస్థీషియా అయ్యాక క్రిటికల్ కేర్ కూడా చేసింది, ఇప్పుడు హాయిగా ఉద్యోగంలో చేరకుండా ఐసీయూలో శ్వాస సపోర్ట్ మీద రీసెర్చ్ చేస్తా అంటోంది. వెంటిలేటర్ అంటే మెషీనే కదమ్మా, కంపెనీ వాడు చేస్తాడు, డాక్టర్ నంబర్లు పెడతాడు, ఇంక కనిపెట్టడానికి ఏముంది అని నాన్న అడిగితే "ఆ నంబర్ ఎంత పెట్టాలన్నదే నా పని" అని లేచి వెళ్లిపోయింది. సరే, అది పక్కన పెట్టండి, నా డౌట్ వేరే. తను చేరబోయే స్టడీలో ఒక గ్రూపుకి ఆక్సిజన్ టార్గెట్ ఎక్కువ, ఇంకో గ్రూపుకి కాస్త తక్కువట, ఎవరు ఏ గ్రూపో కంప్యూటర్ చీటీ తీసినట్టు తీస్తుందట. చావుబతుకుల్లో ఉన్న మనిషి మీద చీటీలేంటండీ? ఆక్సిజన్ ఎక్కువిస్తే పోయేదేముంది? పైగా పేషెంట్‌కి స్పృహ కూడా ఉండదు, ఎవరు ఒప్పుకుంటారు? అక్కని అడిగితే క్లాస్ పీకుతుంది, అందుకే ఇక్కడ అడుగుతున్నా.

రాత్రి_రౌండ్స్:
ఐసీయూ డాక్టర్‌ని, ట్రయల్స్‌లో కూడా పనిచేస్తా. మీ అక్క చెప్పింది అక్షరాలా నిజం. ఊపిరితిత్తులు బాగా దెబ్బతిని నీరు పట్టేసే ఏఆర్‌డీఎస్ అని ఒకటి ఉంది, 1967లో 12 మంది పేషెంట్లని చూసి దాన్ని మొదట వర్ణించారు. అందులో ఆక్సిజన్ పడిపోతుంది కాబట్టి ఒక్కో ఊపిరికి బాగా గాలి కొట్టాలి అనుకునేవాళ్లు, కిలోకి 10 నుంచి 15 ఎంఎల్ దాకా. తర్వాత గట్టినోని అనే ఇటలీ డాక్టర్ వాళ్లు సీటీ స్కాన్లు తీసి చూస్తే లంగ్ మొత్తం గట్టిపడలేదు, కొంత మూసుకుపోయింది, తెరుచుకున్న భాగం చిన్నపిల్లాడి లంగ్ అంతే మిగిలింది. మనం కొట్టే గాలంతా ఆ చిన్న ముక్కలోకే వెళ్లి దాన్ని సాగదీసి పాడుచేస్తోందన్నమాట.

అమెరికాలో 861 మందితో చేసిన ట్రయల్ 2000లో వచ్చింది, కిలోకి 12 ఎంఎల్ గ్రూపులో 39.8 శాతం మంది పోయారు, 6 ఎంఎల్ గ్రూపులో 31. కొత్త మందు లేదు, కొత్త మెషీన్ లేదు, నాబ్ తిప్పడమే. ఇప్పుడు అసలు విషయం వినండి, మొదటి రోజుల్లో ఆక్సిజన్ నంబర్ బాగున్నది ఎవరికో తెలుసా? 12 ఎంఎల్ వాళ్లకి! అంటే బెడ్ పక్కన నిలబడి మానిటర్ చూసే ఏ మంచి డాక్టరైనా, నాతో సహా, 12 ఎంఎల్ బాగా పనిచేస్తోంది అనే అనుకుంటాడు. మీరు లాటరీ అంటున్నారే, అది లేకపోతే ఈ తప్పు ఇంకో ఇరవై ఏళ్లు నడిచేది, డాక్టర్ చేతికే వదిలేస్తే సీరియస్‌గా ఉన్నవాళ్లని తెలియకుండానే ఒకవైపు నెట్టేస్తాడు, చివర్లో తేడా చికిత్స వల్లా జబ్బు వల్లా అని ఎవడూ తేల్చలేడు.

రోజువారీ పని అంటే పెద్ద సినిమా ఏం కాదు. పొద్దున్నే రాత్రి వచ్చిన అడ్మిషన్లన్నీ చూడాలి, ట్యూబ్ వేసి ఎన్ని గంటలైంది, స్టడీలోకి వస్తారా రారా, రాకపోతే ఎందుకు రారో అది కూడా రాసుకోవాలి. ఇరవై మందిని చూస్తే ఒకరో ఇద్దరో దొరుకుతారు, ఆ ఒకరి ఇంటివాళ్లు ఫోన్ ఎత్తేసరికి టైమ్ దాటిపోతుంది.

సిస్టర్_ఐసీయూ_బెడ్9:
డాక్టర్ గారు 6 ఎంఎల్ అని చెప్పేశారు, ఏ కిలోకి అన్నది చెప్పలేదు 😀 మనిషి లావెక్కినంత మాత్రాన లంగ్ పెరగదు, అందుకే త్రాసు మీద బరువు కాదు, ఎత్తు మీద లెక్కేస్తారు. 155 సెంటీమీటర్ల ఆడమనిషి 80 కేజీలు ఉందనుకోండి, లెక్కకొచ్చే బరువు 48 కేజీలే, అంటే ఊపిరికి దాదాపు 287 ఎంఎల్. 80 అని వేసేస్తే 480 అవుతుంది, ఆ లంగ్‌కి కిలోకి 10 పడినట్టే. నేను ఇంతకుముందు చేసిన ఒకచోట ఎత్తు అని గడి ఉంటుంది, అందులో అందరికీ 165 అని రాసి ఉండేది, ఆడవాళ్లకి మగవాళ్లకి అందరికీ! ఎవరూ టేప్ పెట్టలేదు. పడుకున్న మనిషిని మడమ నుంచి నడినెత్తి దాకా కొలవడం రెండు నిమిషాల పని, కాళ్లు ముడుచుకుపోతే కష్టమేలెండి.

ఇంకోటి బోర్లా పడుకోబెట్టడం. ఫ్రాన్స్ వాళ్ల ట్రయల్ 2013లో వచ్చింది, తీవ్రమైన ఏఆర్‌డీఎస్ ఉన్న 466 మంది, 28 రోజులకి మరణాలు 32.8 నుంచి 16 శాతానికి, సగానికి సగం. వరసగా కనీసం 16 గంటలు బోర్లా ఉంచాలి. పేపర్లో ఒక్క లైను. మాకైతే ఐదుగురు కావాలి, తల దగ్గర ఉన్నవాళ్లు ట్యూబ్ వదలకూడదు, లెక్కపెట్టేది వాళ్లే, ఛాతీ మీద స్టిక్కర్లు పీకి వీపుకి అంటించాలి, కళ్లు మూసి టేప్ వేయాలి లేకపోతే ఎండిపోతాయి, మధ్యమధ్యలో మొహం తిప్పుతూ ఉండాలి, అయినా పొద్దున్నకి మొహం వాచిపోయి ఇంటివాళ్లు గుర్తుపట్టలేక ఏడుస్తారు. తర్వాత 50 దేశాల్లో 459 ఐసీయూలు చూసిన సర్వేలో తీవ్రమైన కేసుల్లో కూడా బోర్లా వేసింది 16 శాతం మందినేనట, నాకేం ఆశ్చర్యం అనిపించలేదు. రీసెర్చ్ వాళ్లు పదింటికొచ్చి ఫారాలు చూసుకుని పోతారు, ఆ ఫారాల్లో ప్రతి గంటా రాసేది ఎవరండీ? మీ అక్కకి ఈ మాట గట్టిగా చెప్పండి.

సంతకం_పెట్టినోడు:
ఒప్పుకునేది ఎవరు అన్నారు కదా, నాన్నగారి విషయంలో నేనే. అప్పటికి రెండు రాత్రులు నిద్ర లేదు, ఒకమ్మాయి వచ్చి కూర్చుని మెల్లగా చెప్పింది, రెండు పద్ధతులూ ఇప్పుడు డాక్టర్లు వాడుతున్నవే అంది, వద్దంటే వైద్యంలో ఏ తేడా రాదు అని రెండుసార్లు చెప్పింది, నాకు మాత్రం ఆరు పేజీల్లో ఒక్క ముక్క బుర్రకెక్కలేదు. ఆవిడ మొహం చూసి సంతకం పెట్టా, నిజం చెప్పాలంటే అంతే. నాన్న లేచాక మళ్లీ ఆయన్నే అడిగారు, ఉంటారా మానేస్తారా అని, ఆయన "అయిపోయిందిగా, ఉండనీ" అన్నారు. నా డౌట్ ఒకటే, మధ్యలో ఒక గ్రూపు వాళ్లు ఎక్కువమంది పోతున్నారని తెలిస్తే ఎవరు ఆపుతారు?

రాత్రి_రౌండ్స్:
@సంతకం_పెట్టినోడు, మీరు రాసింది చదివి కాసేపు ఆగిపోయా. ఆ ఆరు పేజీలు రాసేవాళ్లలో నేనూ ఒకణ్ని.

ఆపడానికి వేరే కమిటీ ఉంటుంది, ట్రయల్ చేసేవాళ్లతో సంబంధం లేనివాళ్లు, మధ్యమధ్యలో లెక్కలు చూస్తారు. ఆపిన కేసు చెప్తా. ఆసిలేటర్ అని ఒక రకం వెంటిలేటర్, సెకనుకి చాలాసార్లు చిన్న చిన్న గాలి కొడుతుంది, థియరీ అద్భుతం, లంగ్ అసలు సాగదు, మేమంతా ఇదే భవిష్యత్తు అనుకున్నాం. 1200 మందిని చేర్చాలని మొదలుపెట్టారు, 548 దగ్గర ఆపేశారు, ఆసిలేటర్ వాళ్లలో 47 శాతం పోయారు, మామూలు దాంట్లో 35. ఫలితం 2013లో వచ్చింది. ట్రయల్ లేకపోతే మేం అందరికీ అదే పెట్టేవాళ్లం, అదీ నమ్మకంతో.

@చిన్నోడు, ఆక్సిజన్ ఎక్కువిస్తే పోయేదేముంది అన్నారు, కళ్లు పోయాయండీ. 1940ల్లో, 50ల్లో నెలలు నిండని పిల్లలకి ఇంక్యుబేటర్లో మంచిదే కదా అని ఆక్సిజన్ ధారాళంగా ఇచ్చారు, వేలమంది పిల్లల చూపు పోయింది. సరే తగ్గిద్దాం అంటే అదీ సులువు కాదు, 2010లో వచ్చిన ట్రయల్‌లో సాచురేషన్, అంటే రక్తంలో ఆక్సిజన్ శాతం, 85 నుంచి 89 మధ్య ఉంచిన పిల్లలకి కంటి జబ్బు తగ్గింది కానీ 91 నుంచి 95 ఉంచినవాళ్లకంటే చనిపోయినవాళ్లు ఎక్కువ. పెద్దవాళ్లలో కూడా అంతే గందరగోళం. ఫ్రాన్స్‌లో బాగా తక్కువ టార్గెట్ పెట్టిన ట్రయల్‌ని మధ్యలో ఆపాల్సి వచ్చింది, ఆ గ్రూపులో ఐదుగురికి పేగుకి రక్తం అందలేదు. 2021లో 2900 పైచిలుకు మందితో చేసినదాంట్లో ఎక్కువకీ తక్కువకీ 90 రోజుల మరణాల్లో తేడానే లేదు. మీ అక్క చేరేది ఈ ముడి దగ్గరికే.

చిన్నోడు_అడుగుతున్నాడు:
అందరికీ థాంక్స్ అండీ. మొత్తం అక్కకి చూపించా. డాక్టర్ గారు రాసిందంతా గబగబా స్క్రోల్ చేసేసింది, సిస్టర్ గారి 165 దగ్గర ఆగి "మా దగ్గర కూడా ఇదే" అని నవ్వింది, తర్వాత నవ్వలేదు. నాన్న మాత్రం "అయితే మెషీన్ కంటే టేపే ముఖ్యమా" అంటున్నారు.

సిస్టర్_ఐసీయూ_బెడ్9:
టేపు ఒక్కటే కాదని చెప్పండి నాన్నగారికి, టేపు పట్టుకునే మనిషి కూడా కావాలి. మాకు నైట్‌లో ఆ మనిషే తక్కువ.