లక్ష పెట్టి ఎర్ర సూర్యుణ్ణి కొనాలా, ఉన్న ఫిల్మ్‌తో సరిపెట్టుకోవాలా?

మేడమీద, పర్లాకిమిడి:
అందరికీ నమస్కారం. మేం తొమ్మిదిమందిమి. ప్రతి ఆదివారం పొద్దున్నే మా మేడమీద చేరి, 80 మిల్లీమీటర్ల లెన్సు టెలిస్కోప్ ముందు అట్టకి అతికించిన, వెలుతురు తగ్గించే బాడర్ ఫిల్మ్ తగిలించి సూర్యుడి మచ్చలు చూస్తుంటాం. ఏడాదిగా నెలకి తలా వెయ్యి వేస్తే లక్షా ఎనిమిది వేలు పోగైంది. గొడవ కూడా అక్కడే మొదలైంది. నలుగురు హెచ్-ఆల్ఫా టెలిస్కోప్, అంటే హైడ్రోజన్ ఎరుపు వెలుగు ఒక్కదానిలోనే సూర్యుణ్ణి చూపించేది, కొందామంటున్నారు. నలుగురు సూర్యుడి వెంట తిరిగే ట్రాకింగ్ మౌంటు, మోనో (నలుపు తెలుపు) కెమెరా కొని, ఉన్న ఫిల్మ్‌తోనే ఫోటోలు తీద్దామంటున్నారు. తొమ్మిదోవాణ్ణి నేను. డబ్బు నా దగ్గరుంది కాబట్టి తిట్లూ నాకే. ఊళ్లో రెండు స్కూళ్ల పిల్లలకి చూపించాలని కూడా ఉంది. సొంతంగా వాడినవాళ్లు చెప్పండి. యూట్యూబ్ చూసి చెప్పొద్దు.

బరంపురం సిల్కు:
ఆలోచించకుండా హెచ్-ఆల్ఫా కొనండి. నేను 50 మిల్లీమీటర్లది రెండేళ్లుగా వాడుతున్నా.

ఫిల్మ్‌ని తక్కువ చేయడం లేదు. లక్షలో ఒక వంతు వెలుతురే లోపలికి వదులుతుంది, కంటికి భయం లేదు. కానీ అది చూపించేది ఫోటోస్ఫియర్, అంటే సూర్యుడి పైకి కనబడే పొర, ఒక్కటే. మచ్చలుంటే మచ్చలు, అంచు దగ్గర ఫాక్యులాలనే తెల్లటి మరకలు, గాలి నిలకడగా ఉంటే బియ్యం పరిచినట్టు గ్రాన్యూల్స్. 2024 మేలో 3664 నంబరు మచ్చల గుంపు వచ్చినప్పుడు గ్రహణం కళ్లద్దాలతోనే కనబడింది. ఆ గుంపు విసిరిన తుఫానుకి లద్దాఖ్‌లో హాన్లే ఆకాశం ఎర్రబడింది. అలాంటి రోజులు ఎప్పుడూ ఉండవు. మచ్చలు పెరిగి తగ్గే 25వ సౌరచక్రం గరిష్ఠ దశకి చేరిందని 2024 అక్టోబరులోనే నాసా వాళ్లు చెప్పేశారు, ఇక దిగుడే. పోయిన కనిష్ఠంలో, 2019లో, ఏడాదిలో ఇంచుమించు ముప్పాతిక వంతు రోజులు ఒక్క మచ్చ లేదు. మళ్లీ ఆ రోజులొస్తే లక్ష రూపాయల మౌంటూ కెమెరా పెట్టుకుని ఖాళీ కంచం ఫోటో తీస్తారా? హెచ్-ఆల్ఫాలో అయితే అప్పుడు కూడా అంచున ఏదో ఒక మంట నాలుక తరచుగా దొరుకుతుంది.

గుణుపురం లెక్కల మాస్టారు:
నేను ఒప్పుకోను బాబూ. పోయిన జనవరిలో ఒకాయన దయతో 40 మిల్లీమీటర్ల హెచ్-ఆల్ఫా గొట్టం మా బడికి తెచ్చాడు. పిల్లలు నూట పది మంది. ఎనిమిదో తరగతి గుంటడొకడు కన్ను పెట్టాడు, తీశాడు, మళ్లీ పెట్టాడు. "ఎర్ర లైటు సార్" అన్నాడు. అంచున మంట ఉంది చూడరా అంటే నా మొహం చూసి "ఆఁ, కనబడింది సార్" అన్నాడు. వాడికేమీ కనబడలేదని వాడికీ తెలుసు, నాకూ తెలుసు. ఒక్కొక్కరికి రెండు నిమిషాలు పట్టింది. బెల్లు కొట్టేసరికి నలభై మంది కూడా అవలేదు.

మర్నాడు నేను పాత పద్ధతి పెట్టాను. బైనాక్యులర్‌కి ఒక వైపు మూత వేసి, రెండో వైపు నుంచి తెల్ల అట్టమీద సూర్యబింబం పడేటట్టు కట్టాను. దాని దగ్గర కన్ను పెట్టనివ్వకుండా ఒక పెద్ద కుర్రాణ్ణి కాపలా ఉంచాను. పాతికమంది ఒక్కసారే చూశారు. మచ్చ చుట్టూ పెన్సిల్‌తో గీశారు. రెండు వారాలు అదే గంటకి గీస్తే మచ్చ ఈ చివర నుంచి ఆ చివరకి నడిచింది. మనకి కనబడే లెక్కలో సూర్యుడు తన చుట్టూ తాను తిరగడానికి ఇంచుమించు 27 రోజులని పిల్లలే దగ్గరకి వచ్చారు. మన ఒడిశా ఖగోళవేత్త పఠాణీ సామంత వెదురు గొట్టాలతో ఆకాశం కొలిచిన రాష్ట్రం ఇది. ఇక్కడ లక్ష పెడితే గాని సూర్యుడు కనబడడా?

బరంపురం సిల్కు:
మాస్టారూ, తప్పు గొట్టానిది కాదు, చూపించిన పద్ధతిది. ఎండలో నిలబెట్టి చూడమంటే నాకైనా ఎర్ర లైటే కనబడుతుంది. తల మీద నల్ల గుడ్డ కప్పాలి. హైడ్రోజన్ వెలిగేది 656.28 నానోమీటర్ల ఎరుపులో. ఆ చోట ఒక ఆంగ్‌స్ట్రామ్‌లో (నానోమీటరులో పదో వంతు) ముప్పాతిక కూడా లేని సన్న సందు ఒక్కటే వదిలి, మిగతా వెలుతురంతా ఆపేస్తాయి లోపలి ఎటలాన్ అనే జంట అద్దాల ఫిల్టరు, కంటి వైపు బ్లాకింగ్ ఫిల్టరు కలిసి. ఆ సందుని ట్యూనర్‌తో సరిగ్గా కూర్చోబెట్టకపోతే అంచున మంటలా కనబడే ప్రామినెన్సూ లేదు, బింబం మీద నల్ల దారంలా కనబడే ఫిలమెంటూ లేదు. తెచ్చినాయన ట్యూన్ చేశాడా?

గుణుపురం లెక్కల మాస్టారు:
చేశాడు. అయినా నూట పది మందికి ఒక నల్ల గుడ్డ ఏం సరిపోతుంది? ఇంకో మాట. ఆ పిల్లలకి అంత ఆశ పుట్టింది మీలాంటివాళ్ల ఫోటోలు చూసే. పోయిన వారం మీరు ఇక్కడ పెట్టిన నారింజ రంగు సూర్యుడు, పత్తి పరుపులాగా ఉబ్బెత్తుగా ఉన్నాడే, అది మీ కంటికి అలాగే కనబడిందా? నిజం చెప్పండి.

బరంపురం సిల్కు:
లేదు మాస్టారూ. కెమెరా నలుపు తెలుపు. రెండు వేల ఫ్రేముల వీడియో తీసి, ఆటోస్టాకర్ట్ అనే సాఫ్ట్‌వేరులో బాగున్న రెండొందలు ఏరి ఒకదాని మీద ఒకటి వేశాను. బింబానికి ఒక ఎక్స్‌పోజరు, మంటలకి ఇంకోటి, రెండూ అతికించాను. బింబాన్ని నెగటివ్ చేస్తే ఆ ఉబ్బు వస్తుంది. నారింజ నేను పూసిందే, అసలు రంగు ముదురెరుపు. ఇకమీదట ఫోటో కింద ఇదంతా రాస్తాను. కానీ ఆ మంట మాత్రం ఉన్నదే, నేను గీసింది కాదు.

సిరొంచ ప్రాణహిత:
అన్నా, నా గోస కూడా వినుండ్రి. సెకండ్ హ్యాండ్‌ల 40 మిల్లీమీటర్లది కొన్న. మొదటి ఏడాది పండుగే. జూన్‌ల పెట్టెల పెట్టి, వానలు పోయినంక తీస్తే సూర్యుడు మబ్బు చాటున ఉన్నట్టు ఉన్నడు. విప్పి చూస్తే కంటి వైపు బ్లాకింగ్ ఫిల్టరుకి శుక్లం పట్టినట్టు తెల్లగ పొర. అది మనం తుడిచేది కాదు, మార్చాలె. బయటి దేశం నుంచి రావాలె, కస్టమ్స్ కట్టాలె. మీది కూడా తడి గాలి ఊరే. కొంటే గాలి చొరబడని డబ్బా, సిలికా జెల్ ముందు కొనుండ్రి. ఫిల్మ్‌కి చిల్లు పడితే కొత్తది కొన్ని వేలల్ల వస్తది. గీ తేడా లెక్కల వేసుకోవాలె.

మేడమీద, పర్లాకిమిడి:
చిల్లు అంటే గుర్తొచ్చింది. మాకూ ఒకటి జరిగింది. ముందు ఫిల్మ్ ఉంది కదా అని ధైర్యంగా ఉన్నాం, పక్కన గురి చూసే చిన్న గొట్టం, ఫైండర్, దాని మూత మరిచిపోయాం. కిందికి వంగినవాడి మెడ చురుక్కుమంది. ఫైండర్ లోపలి క్రాస్ గీతలు కరిగిపోయాయి. కన్ను పెట్టకపోవడం అదృష్టం. ఇప్పుడు సూర్యుడి వైపు తిప్పేముందు ఫైండర్‌ని విప్పి జేబులో వేసుకుంటున్నాం.

రాయగడ ప్రింటరు:
ఇంజనీరింగ్ చదువుతున్నాను, వయసులో చిన్నవాణ్ణి, కానీ ఒక సంగతి. 1868 ఆగస్టు 18 సంపూర్ణ గ్రహణానికి జూల్ జాన్సెన్ అనే ఫ్రెంచి శాస్త్రవేత్త గుంటూరు వచ్చాడు. గ్రహణంలో ప్రామినెన్సుల వెలుతురుని, దాన్ని రంగులుగా విడదీసే స్పెక్ట్రోస్కోపులో చూస్తే హైడ్రోజన్ గీతలు మెరిశాయి. అంత వెలుతురున్న గీతలు గ్రహణం లేకపోయినా కనబడాలి కదా అనుకున్నాడు, మర్నాడే చూశాడు, కనబడ్డాయి. గ్రహణం లేకుండా ప్రామినెన్సులు చూడడం మన గుంటూరులో మొదలైందన్నమాట. మనవాళ్లకి హెచ్-ఆల్ఫా మీద హక్కుంది!

గుణుపురం లెక్కల మాస్టారు:
హక్కు సరే తమ్ముడూ. జాన్సెన్ చూసింది స్పెక్ట్రోస్కోపుతో. లక్ష రూపాయల ఎటలాన్‌తో కాదు.

రాయగడ ప్రింటరు:
నేను చెప్పబోయేది అదే మాస్టారూ. క్రిస్టియన్ బ్యూయి అనే ఫ్రెంచాయన సోలెక్స్ అని, సూర్యుడి బొమ్మలు తీసే స్పెక్ట్రోస్కోపు ఒకటి చేశాడు. డొక్కు 3డి ప్రింటరులో అచ్చు వేసుకోవచ్చు. లోపల 10 మైక్రాన్ల సందు, వెలుతురుని రంగులుగా విడదీయడానికి మిల్లీమీటరుకి 2400 గీతల గ్రేటింగ్ పలక. టెలిస్కోపుని కదలనివ్వకుండా ఉంచితే సూర్యుడే సందు మీదుగా జరిగిపోతాడు. ఆ వీడియో నుంచి ఒక్కొక్క గీత పేర్చి కంప్యూటరు బొమ్మ కడుతుంది. హెచ్-ఆల్ఫా తీయొచ్చు, కాల్షియం గీత తీయొచ్చు. నాకు మూడు వారాలు పట్టింది. మొదటి బొమ్మలో సూర్యుడు దోసకాయలా వచ్చాడు, వేగం లెక్క తప్పి.

బరంపురం సిల్కు:
మంచిదే. కానీ అది ల్యాప్‌టాప్ తెర, కన్ను కాదు. తెర మీదే చూడాలనుకుంటే ఉదయపూర్ సౌర అబ్జర్వేటరీ వాళ్ల హెచ్-ఆల్ఫా బొమ్మలు ఉచితంగా దొరుకుతాయి, ఫోనులో చూసుకుని ఇంట్లో పడుకోవచ్చు. పర్లాకిమిడి అన్నా, ఇలా తేలేది కాదు. ఆదివారం నా గొట్టం తెస్తా. మేడ వద్దు, చెరువు గట్టు చూడు. కాంక్రీటు వేడెక్కితే బొమ్మ ఉడుకుతుంది. ఉదయపూర్ అబ్జర్వేటరీని చెరువు మధ్య కట్టింది ఊరికే కాదు.

మేడమీద, పర్లాకిమిడి:
నిన్న జరిగింది రాస్తున్నాను. సిల్కు రాత్రి బస్సుకి, మాస్టారు ముందురోజు గుణుపురం బండికి వచ్చారు. ఏడున్నరకి గట్టు మీద ఒక పక్క మాస్టారి అట్ట, ఇంకో పక్క సిల్కు గొట్టం. పిల్లలు పధ్నాలుగు మంది. అట్టమీద చిన్న మచ్చలు రెండే. పిల్లలు అయిదు నిమిషాల్లో గీసేసి, గట్టు కిందికి ఆటకి పోయారు. మాస్టారు ఏమీ అనలేదు.

మా అమ్మ నల్ల గుడ్డ కింద చాలాసేపు ఉంది. "కొప్పులోంచి వెంట్రుక జారినట్టుంది రా, నల్లగా" అంది. బింబం మీద ఫిలమెంటు అది. ఎవరూ చెప్పకుండా చూసింది. నేను 7:40కి చూసినప్పుడు కుడి అంచున చిన్న వంతెనలా మంట, రెండు కాళ్లూ అంచుకి ఆనుకుని ఉన్నాయి. టీ తాగి వచ్చి చూస్తే ఒక కాలు లేదు. వంతెన సగం గాలిలో ఉంది. భూమి అందులో దూరిపోయేంత వంతెన అని సిల్కు చెప్తున్నాడు, నేను వినడం లేదు. ఏడాదిగా మచ్చలు చూశాను గాని, సూర్యుడి మీద ఏదో జరుగుతుండగా చూడడం అదే మొదటిసారి.

మాస్టారికి చూపిస్తే, "ఇది తొమ్మిదిమందికి బాగుంది, నూట పదిమందికి కాదు" అన్నారు. ఆయన మాట అబద్ధం కాదు. అందుకే స్కూళ్లకి అట్టే పట్టుకెళ్తాం, బైనాక్యులర్ మాస్టారు ఇస్తానన్నారు. రాయగడ తమ్ముడికి సోలెక్స్ అద్దాలకని కొంత పక్కన పెట్టాం, దోసకాయ మళ్లీ రాకూడదని షరతు.

నా ఓటుతో అయిదు నాలుగు అయింది. 40 మిల్లీమీటర్ల హెచ్-ఆల్ఫా, వానలు వెళ్లాక ఆర్డరు. స్టీలు డబ్బా, సిలికా జెల్ ఇవాళే కొన్నాను. కెమెరా పక్షం వాళ్లు నిన్నటి టీ డబ్బులు ఇంకా ఇవ్వలేదు.